బ్యాండ్ వేయించుకున్నా బరువు నెమ్మదిగానే తగ్గుతోందా? వరసగా ఇవి చూసుకోండి

గ్యాస్ట్రిక్ బ్యాండ్, అంటే బరువు తగ్గడానికి కడుపు చుట్టూ వేసే పట్టీ, వేయించుకున్నవాళ్ళలో చాలామందికి ఆరో నెల వచ్చేసరికి బెంగ మొదలవుతుంది. తగ్గింది ఎనిమిదో పదో కిలోలు. అదే సమయంలో స్లీవ్ (కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్) చేయించుకున్న పరిచయస్తుడు పాతిక కిలోలు తగ్గి చొక్కాలన్నీ మార్చేసి ఉంటాడు. ఆపరేషన్ వికటించిందా, నా ఒళ్ళే మొండిదా, పెట్టిన డబ్బంతా వృథాయేనా అని మనసు పీకుతూ ఉంటుంది. సాధారణంగా ఈ మూడూ కావు. అలాగని ఊరుకోవడమూ పనికిరాదు. బ్యాండ్ సహజంగానే నెమ్మదైనది. ఆ సహజమైన నెమ్మది ఒకటి, సరిదిద్దుకోగల లోపం వల్ల వచ్చే నెమ్మది మరొకటి. మీది ఏదో తేల్చుకోవడానికి ఒక వరస ఉంది. చాలామంది ఆ వరస వదిలేసి నేరుగా "ఇంకాస్త బిగించండి డాక్టర్ గారూ" దగ్గర మొదలుపెడతారు. నా దృష్టిలో బిగింపు గురించి అడగవలసింది చివర్లో.

ముందు బ్యాండ్ చేసే పని గురించి రెండు మాటలు. కడుపు పైభాగాన, అన్నవాహిక ముగిసే చోటుకు కాస్త కింద సిలికాన్ పట్టీ చుడతారు. దాని లోపలి బుడగకు సన్నని గొట్టం, ఆ గొట్టం చివర పొట్ట చర్మం కింద ఒక పోర్టు ఉంటాయి. పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. పైన ఏర్పడిన చిన్న సంచి నిండిపోవడం వల్లే ఆకలి తీరుతుందని చాలాకాలం అనుకున్నారు. నిజానికి సరిగ్గా బిగించిన బ్యాండ్‌లో బాగా నమిలిన చిన్న ముద్ద పైన ఆగిపోదు. అన్నవాహిక కొన్నిసార్లు నొక్కగా నొక్కగా ఒక నిమిషంలోపు కిందికి జారుతుంది. అలా దాటేటప్పుడు అక్కడి నరాల మీద పడే ఒత్తిడే మెదడుకు 'చాలు' అని చెబుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కింద చెప్పబోయే నియమాల్లో సగం దీని నుంచే వచ్చాయి.

మొదట మీ లెక్క మీరే వేసుకోండి

స్లీవ్‌లో, బైపాస్‌లో (కడుపును చిన్నది చేసి పేగుకు దారి మళ్ళించే ఆపరేషన్) తగ్గవలసిన బరువులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే తగ్గిపోతుంది. బ్యాండ్‌కు రెండు మూడేళ్ళు పడుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గుతున్నారంటే బ్యాండ్ బాగా పనిచేస్తున్నట్టే, అంతకంటే నెమ్మదైనంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. సగటున చూస్తే, అదనపు బరువులో దాదాపు సగం రెండు మూడేళ్ళలో పోతుంది.

అదనపు బరువంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. మీ ఎత్తు 165 సెంటీమీటర్లు, ఆపరేషన్ నాటి బరువు 110 కిలోలు అనుకుందాం. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే లెక్క బీఎంఐ, అందులో 25 దాటినదాన్ని అదనంగా లెక్కిస్తారు. ఆ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 68 కిలోలు. కాబట్టి అదనపు బరువు 42 కిలోలు, అందులో సగం 21. అంటే రెండేళ్ళ తరువాత మీరు 89 కిలోలు ఉంటే అది సగటు ఫలితమే, వైఫల్యం కాదు. నెలకు పంచి చూస్తే కిలో కూడా రాదు! మొదటి నెలల్లో కాస్త ఎక్కువ, తరువాత తక్కువ అనుకున్నా ఆరో నెలలో ఎనిమిది కిలోల దగ్గర ఉన్నవాళ్ళు దారి తప్పినట్టు కాదు. ఆపరేషన్‌కు ముందు ఈ లెక్క ఎవరూ కాగితం మీద వేసి చూపించరు. అందుకే తరువాత అంత దిగులు.

ఇంకో మాట. ఆపరేషన్ అయిన వెంటనే బ్యాండ్ దాదాపు ఖాళీగా ఉంటుంది. మొదటి ఫిల్, అంటే సెలైన్ ఎక్కించి బిగించడం, సాధారణంగా 4 నుంచి 6 వారాల తరువాత వేస్తారు. ద్రవాహారంతో మొదట్లో కొన్ని కిలోలు తగ్గి, ఘనాహారం మొదలుపెట్టగానే ఆకలి తిరిగి వచ్చి బరువు ఆగిపోవడం ఆ రోజుల్లో మామూలే. ఇంకా పని మొదలుపెట్టని బ్యాండ్‌ను తిట్టుకుని లాభం లేదు.

బరువే కొలమానం అనుకోకండి. 2008లో మెల్‌బోర్న్ వైద్యులు జాన్ డిక్సన్, పాల్ ఓబ్రియన్ బృందం కొత్తగా మధుమేహం వచ్చిన 60 మందిపై జరిపిన పరిశీలనను ప్రచురించింది. బ్యాండ్ వేయించుకున్నవాళ్ళు రెండేళ్ళలో తమ బరువులో సుమారు 20 శాతం తగ్గారు, వాళ్ళలో 73 శాతం మందికి మధుమేహం అదుపులోకి వచ్చి మందుల అవసరం తప్పింది. మామూలు వైద్యం పొందినవాళ్ళలో అది 13 శాతమే. పై ఉదాహరణలోని మనిషికి 20 శాతం అంటే 22 కిలోలు. అద్దంలో అది చిన్నదిగా కనిపించవచ్చు, రక్తపరీక్షలో మాత్రం కాదు.

రెండు వారాలు ఆకలిని రాసుకోండి

లెక్క వేసి చూస్తే మీరు నిజంగానే వెనకబడి ఉన్నారని తేలిందనుకోండి. ఒక నోటుపుస్తకం తీసుకోండి, లేదా ఫోనులో రాసుకోండి. కేలరీలు వద్దు. ప్రతిసారీ నాలుగు సంగతులు చాలు: ఏం తిన్నారు, ఎంతసేపట్లో తిన్నారు, మళ్ళీ ఆకలి ఎన్ని గంటలకు వేసింది, గొంతులో పట్టేయడం గాని వాంతి గాని అయిందా. రెండు వారాలు ఇది నిజాయతీగా రాస్తే మీ బ్యాండ్ ఏ స్థితిలో ఉందో కాగితమే చెబుతుంది. ఆస్ట్రేలియా వైద్యులు ఈ స్థితులను పసుపు, ఆకుపచ్చ, ఎరుపు అని మూడు రంగులుగా చెబుతారు.

పసుపు అంటే వదులు. భోజనం చేసిన రెండు గంటలకే ఆకలి, పళ్ళెం నిండా తినగలగడం, ఏదీ పట్టేయకపోవడం, కూర్చున్న చోటల్లా తిండి ధ్యాస. ఇలా ఉంటే ఫిల్ కావాలి.

ఆకుపచ్చ అంటే సరిగ్గా ఉంది. అర కప్పు నుంచి కప్పు ఆహారంతో తృప్తి, నాలుగైదు గంటల దాకా ఆకలి లేకపోవడం, నిదానంగా తింటే అన్ని రకాలూ దిగడం. ఈ స్థితిలో కూడా బరువు ఆగిందంటే చూడవలసింది బ్యాండ్‌ను కాదు, పళ్ళేన్ని. దాని సంగతి తరువాత వివరంగా చెబుతాను.

ఎక్కువమంది పొరబడేది ఎరుపు దగ్గర. ఎరుపు అంటే మితిమీరిన బిగింపు. పొద్దున ఇడ్లీ దిగదు, చికెన్ ముక్క దిగదు, చపాతీ అసలే దిగదు. తిన్న కాసేపటికి నోట్లో జిగురులాంటి చొంగ ఊరి, ముద్ద వెనక్కి వచ్చేస్తుంది. పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తాయి, దగ్గు వస్తుంది. ఇంత బిగుతుగా ఉంటే బరువు జలజల తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు! ఎందుకంటే ఘనాహారం దిగనప్పుడు మనిషి దిగేవాటి వైపు మళ్ళుతాడు. టీలో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీం, పాయసం, పండ్ల రసం, చాక్లెట్. ఇవి బ్యాండ్ ఎంత బిగిసినా జారిపోతాయి, ఆకలి మాత్రం తీర్చవు. ఇలాంటివాళ్ళకు కావలసింది ఇంకో ఫిల్ కాదు, కొంచెం సెలైన్ తీయించుకోవడం. వదులు చేశాక మళ్ళీ గట్టి తిండి తినగలిగి, ఆగిన బరువు కదలడం వైద్యులకు కొత్త కాదు. వాంతులవుతున్నాయంటే బ్యాండ్ గట్టిగా పనిచేస్తోందని మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు. వాంతి బ్యాండ్ పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. పదేపదే వాంతి అయితే బ్యాండ్ జారిపోయే ప్రమాదం ఉంది.

ఒక చిన్న మినహాయింపు. చాలామందికి పొద్దుటిపూట బ్యాండ్ కాస్త బిగుతుగా అనిపిస్తుంది, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. ఆందోళనగా ఉన్న రోజుల్లో, కొందరు స్త్రీలకు నెలసరి ముందు కూడా అంతే. అలాంటివాళ్ళు లేవగానే గోరువెచ్చని నీళ్ళు తాగి, గంట ఆగి, మెత్తటి ఫలహారం చేయడం మంచిది. పొద్దుటి ఒక్క ఇడ్లీ పట్టేసిందని బ్యాండ్ వదులు చేయించుకోనక్కరలేదు.

ఫిల్‌కు వెళ్ళేటప్పుడు

ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్ళండి. "తగ్గడం లేదు" అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు. "కప్పున్నర అన్నం తింటున్నాను, మూడు గంటలకే ఆకలి, రెండు వారాల్లో ఒక్కసారీ పట్టేయలేదు" అని చెబితే ఎంత సెలైన్ వేయాలో నిర్ణయించడం తేలిక. మొదటి ఏడాది నెలకు, నెలన్నరకు ఒకసారి చూపించుకుంటూ, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా సర్దించుకోవడం బ్యాండ్ వైద్యంలో భాగం. ఆపరేషన్ చేయించుకుని, తరువాత ఆసుపత్రి గడప తొక్కని వాళ్ళకు బ్యాండ్ పనిచేయకపోవడంలో వింత లేదు.

పోర్టులోకి ఎక్కించే సూది ప్రత్యేకమైనది, హ్యూబర్ సూది అంటారు. మామూలు ఇంజెక్షన్ సూదితో గుచ్చితే పోర్టు పైపొర చిల్లుపడి సెలైన్ కారిపోవచ్చు. కాబట్టి "చిన్న పనే కదా, నేను చేసేస్తాను" అనే వీధి క్లినిక్కు వద్దు. ఫిల్ అయ్యాక లేచి కూర్చుని నీళ్ళు తాగి, అవి సాఫీగా దిగాయని తేలాకే అక్కడి నుంచి కదలండి. తరువాత ఒకటి రెండు రోజులు ద్రవాలు, ఆపైన మెత్తటివి, ఆ తరువాత మామూలు తిండి అన్నది సాధారణంగా చెప్పే క్రమం. మీ డాక్టరు చెప్పినదే మీకు వర్తిస్తుంది. ఫిల్ పూర్తి ప్రభావం తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. మూడో రోజే తీర్పు చెప్పకండి.

మెల్‌బోర్న్‌లోనో డాలస్‌లోనో బ్యాండ్ వేయించుకుని హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వచ్చినవాళ్ళకు ఒక ముఖ్యమైన సూచన. బ్యాండ్ వాడకం ఇప్పుడు బాగా పడిపోయింది. అమెరికాలో 2011లో జరిగిన బరువు తగ్గించే ఆపరేషన్లలో మూడో వంతుకు పైగా బ్యాండ్‌లే. 2018 నాటికి నూటికి ఒకటి. మన దేశంలోనూ ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవే. అందుకని ఫిల్ వేయడం అలవాటున్న సర్జన్ ప్రతి ఊళ్ళో దొరకడు. బయలుదేరే ముందే మీ బ్యాండ్ కంపెనీ పేరు, రకం, దానిలో పట్టే మొత్తం పరిమాణం, ఇప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు ఉందో రాసిన కాగితం, ఆపరేషన్ రిపోర్టు తెచ్చుకోండి. ఫోనులో ఫోటో కూడా ఉంచుకోండి. అవి లేకపోతే కొత్త డాక్టరు చీకట్లో తడుముకోవలసిందే.

పళ్ళెంలో వరస మార్చండి

ఇంగ్లిష్‌లో దొరికే డైట్ కాగితాలన్నీ బ్రెడ్డు, స్టేక్ జాగ్రత్త అంటాయి. మన చిక్కు అన్నంతో. అన్నం ఒక్కటే రెండు విధాల ఇబ్బంది పెడుతుంది. పొడిపొడిగా ఉంటే, అంటే పులిహోర, బిర్యానీ లాంటివైతే, నమలకుండా మింగిన మెతుకులు బ్యాండ్ దగ్గర ఉండకట్టి పట్టేస్తాయి. ఒకసారి అలా బాధపడ్డవాళ్ళు తరువాత ఏం చేస్తారంటే, అన్నంలో చారు ఎక్కువ పోసుకుంటారు, పులుసు ఎక్కువ కలుపుకుంటారు, చివర మజ్జిగన్నం జావలా చేసుకుంటారు. హాయిగా దిగుతుంది. ఎంత హాయిగా అంటే, బ్యాండ్ ఉన్నట్టే తెలియదు! జారిపోయే తిండి నరాల మీద ఒత్తిడి పెట్టదు, 'చాలు' అన్న కబురు పైకి వెళ్ళదు. నెల తిరిగేసరికి మళ్ళీ పాత కంచం నిండా తింటూ ఉంటారు. బ్యాండ్ వదులైపోయిందని డాక్టరు దగ్గరికి పరుగెడతారు. వదులైంది బ్యాండ్ కాదు, కలుపుకునే పద్ధతి.

దీనికి మందు, భోజనం వరస తిరగేయడం. మనం అన్నంతో మొదలుపెట్టి, కూర దానికి తోడుగా తింటాం. మీరు ముందు ప్రొటీన్ ఉన్న గట్టి పదార్థం తినండి: చేప ముక్క, పులుసులో ఉడికిన చికెన్ తొడ ముక్క, ఉడికిన గుడ్డు, గట్టి ముద్దపప్పు, పనీర్, ఉడికించిన శనగలు. తరువాత కూర. ఆపైన చోటుంటే రెండు మూడు చెంచాల అన్నం. చోటు లేకపోతే ఆ పూటకు అన్నం లేదు, అంతే. అన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదని అనిపించడం సహజం. అందుకే పూర్తిగా మానమనడం లేదు, చివరికి నెట్టమంటున్నాను.

ముద్ద సంగతి కూడా చూడాలి. చేత్తో కలిపి నోట్లో పెట్టుకునే మన ముద్ద బ్యాండ్ ఉన్నవాళ్ళకు రెండు మూడింతలు పెద్దది. కొన్నాళ్ళు టీ చెంచాతో తినండి. ఒక్కో చెంచా పదిహేను ఇరవై సార్లు నమలండి, మింగాక చెంచా కింద పెట్టి నిమిషం ఆగండి. ముందే చెప్పుకున్నట్టు ఆ ముద్ద బ్యాండ్ దాటడానికి పట్టే సమయం అదే. రెండోది తొందరపడి పంపితే మొదటిదాని మీద పడి రెండూ పట్టేస్తాయి. ఇరవై నిమిషాలు దాటాక కంచంలో ఎంత ఉన్నా లేచిపోండి. పారేయడానికి మనసొప్పకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, అంతేగాని కడుపులో వేయకండి. టీవీ ముందు ఈ లెక్కలేవీ నిలవవు కాబట్టి అక్కడ తినడం మానండి.

ఏవి తరచు పట్టేస్తాయో తెలిసి ఉంటే మంచిది: ఎండిపోయిన చికెన్ ఛాతీ ముక్క, గట్టి మటన్, మైదా పరోటా, మెత్తటి బ్రెడ్డు, మునక్కాడ పీచు, తోటకూర కాడలు, కొబ్బరి ముక్కలు, బత్తాయి తొనల పైపొర. ఇడ్లీ మెత్తనిదే అయినా నీళ్ళు పీల్చుకుని బంతి కడుతుంది. సాంబారులో ముంచితే మళ్ళీ జారిపోతుంది. చట్నీతో కొంచెం కొంచెంగా తినడం మధ్యేమార్గం. పలుచగా పోసి కరకరలాడేలా కాల్చిన సగం పెసరట్టు, ఉప్మా లేకుండా, అన్ని విధాలా మేలు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అని సాధారణంగా చెబుతారు. ఇంత తక్కువ తిండిలో అది ఎక్కడ నుంచి వస్తుందని భయపడకండి. రెండు గుడ్లు 12 గ్రాములు, వంద గ్రాముల వండిన చేప గాని చికెన్ గాని 20 నుంచి 25, గిన్నెడు గట్టి పప్పు 8, రెండు వందల గ్రాముల గట్టి పెరుగు 7, యాభై గ్రాముల పనీర్ 9. సరిపోయింది. శాకాహారులు మీల్ మేకర్ మీద కాస్త ఎక్కువ ఆధారపడవలసి వస్తుంది. ముప్పై గ్రాముల పొడి మీల్ మేకర్‌లో 15 గ్రాముల దాకా ఉంటుంది, బాగా నానబెట్టి సన్నగా తరిగి వండండి.

దొంగదారిన దిగేవి

జంతికలు, కారప్పూస, చిప్స్ నోట్లో పొడి అయి లాలాజలంతో జావలా మారి జారిపోతాయి. యాభై గ్రాముల కారప్పూసకు 250 కేలరీలు దాటుతాయి, అది గుప్పెడే. హలీం రోజుల్లో హైదరాబాదువాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అది మెత్తగా రుబ్బిన మాంసం, గోధుమ, నెయ్యి. బ్యాండ్‌కు దాన్ని ఆపే శక్తి లేదు. ఉపవాసాలు చేసేవాళ్ళది వేరే కథ: పాలు, పండ్ల రసం, సగ్గుబియ్యం పాయసం, అన్నీ జారేవే. ఏకాదశి నాడు మామూలు రోజుకంటే ఎక్కువ కేలరీలు లోపలికి వెళ్ళడం అసాధ్యమేమీ కాదు. అన్నం తగ్గినా ఆవకాయ మీద నూనె, పప్పులో నెయ్యి తగ్గకపోవడం మరో రంధ్రం. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు.

తాగేవాటికి రెండు నియమాలు. భోజనంతో పాటు, అయ్యాక అరగంట నుంచి గంట వరకు నీళ్ళు వద్దు. తిన్నదాన్ని నీళ్ళు కడిగి దించేస్తాయి. మిగతా సమయంలో మాత్రం గుక్కగుక్కగా లీటరున్నర వరకు తాగండి, లేకపోతే మలబద్ధకం, తలనొప్పి వస్తాయి. రెండోది, కేలరీలున్న పానీయాలు వదిలేయండి. రెండు చెంచాల పంచదార వేసిన పాలటీ నాలుగుసార్లంటే రోజుకు 300 కేలరీలకు పైనే. అది ఒక పూట భోజనం. సోడాలు, శీతల పానీయాలు గ్యాసుతో పైభాగాన్ని ఉబ్బిస్తాయి, అవీ వద్దు. పలుచని మజ్జిగ, పంచదార లేని నిమ్మనీళ్ళు భోజనాల మధ్యలో నిక్షేపంగా తాగవచ్చు.

బరువు చూసుకునే పద్ధతి

వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే, ఒకే యంత్రం మీద. రోజూ ఎక్కితే ఉప్పు, మలబద్ధకం, నెలసరి వల్ల వచ్చే కిలో రెండు కిలోల ఊగిసలాట మిమ్మల్ని ఆడిస్తుంది. నడుము చుట్టుకొలత నెలకోసారి టేపుతో కొలిచి పక్కన రాయండి. మూడు నాలుగు వారాలు అంకె కదలకపోయినా నడుము తగ్గుతుంటే కంగారు అక్కరలేదు. రెండూ కదలకపోతే పైన చెప్పినవి మళ్ళీ మొదటి నుంచి చూడండి.

నడక గురించి మీకు తెలియనిది చెప్పేదేమీ లేదు: వారానికి 150 నిమిషాలు. దానితో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం కావాలి, లేకపోతే తగ్గేది కొవ్వుతో పాటు కండ కూడా. బరువులెత్తడం ఎప్పటి నుంచి మొదలుపెట్టవచ్చో సర్జన్‌ను అడిగి తెలుసుకోండి.

బ్యాండ్‌కు సంబంధం లేని కారణాలు

థైరాయిడ్ సరిగ్గా లేకపోతే ఏ బ్యాండూ తోడ్పడదు. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. కొన్ని మందులు బరువు పెంచుతాయి లేదా తగ్గనివ్వవు: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, స్టెరాయిడ్లు, ఒలాంజపిన్, మిర్టాజపిన్, సోడియం వాల్‌ప్రొయేట్ వాటిలో కొన్ని. సొంతంగా ఆపకండి, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడితే మారు మందు దొరకవచ్చు. మధుమేహం ఉన్నవాళ్ళలో తరచు కనిపించే ఒక చిక్కు ఉంది. తిండి సగమైంది, మాత్రల మోతాదు మాత్రం పాతదే. దాంతో షుగర్ పడిపోయి ఒళ్ళు వణుకుతుంది, గబగబా పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకుంటారు. ఇది రోజూ జరుగుతుంటే బరువు ఎలా తగ్గుతుంది? మోతాదు సరిచేయించుకోవాలి.

బ్యాండ్ పోషకాలను ఒంట పట్టకుండా చేయదు, కానీ తినేది తక్కువ కాబట్టి బి12, ఐరన్, విటమిన్ డి ఏడాదికోసారైనా చూపించుకోండి. నీరసంతో నడవలేకపోవడానికి రక్తహీనత కారణం కావచ్చు. పెద్ద మాత్రలు పట్టేస్తుంటే సిరప్ రూపం అడగండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను పొడి చేయకూడదు. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టరును అడగకుండా వాడకండి, పొగ తాగడం పూర్తిగా మానండి. ఇవి కడుపు గోడను దెబ్బతీస్తాయి.

చుట్టుపక్కలవాళ్ళ మాటలకు

పెళ్ళిలో పెద్దమ్మ అందరి ముందూ అడుగుతుంది: "అంత డబ్బు పోసి ఆపరేషన్ చేయించుకున్నావట, ఏమీ తగ్గినట్టే లేవేమే?" బ్యాండ్ శాస్త్రం వివరించబోతే మీరే అలసిపోతారు. "నెమ్మదిగా తగ్గమన్నారు పెద్దమ్మా, షుగర్ మాత్ర సగానికి వచ్చింది" అంటే సంభాషణ మీ బరువు మీద నుంచి ఆవిడ షుగర్ మీదికి పోతుంది. ఇది దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది.

వడ్డించేవాళ్ళది ఇంకో రకం ఒత్తిడి. "ఇంకొక్క ముద్ద" అన్న మాటకు మొహమాటపడి ఆ ముద్ద తింటే, పది నిమిషాల్లో పెళ్ళిపందిరి వెనక వాంతి చేసుకోవలసి వస్తుంది. విందుకు వెళ్ళే ముందే ఆ ఇంట్లో ఒక్కరికి విషయం చెప్పి ఉంచండి. "అత్తయ్యా, నాకు గంటకోసారి కొంచెం కొంచెం పెట్టండి, ఒకేసారి వద్దు" అని మీరే అడిగితే ప్రేమగా పెట్టే చేతికి పనీ దొరుకుతుంది, మీ కంచమూ నిండదు. బఫేలో చిన్న పళ్ళెం తీసుకుని నిలబడకుండా కూర్చుని తినండి. నిలబడి మాట్లాడుతూ తినేటప్పుడు నమలడం మరచిపోతాం.

ఆలస్యం చేయకూడనివి

ఉమ్మి కూడా మింగలేకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పొట్టలో ఆగని నొప్పి, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, జ్వరంతో కూడిన నొప్పి ఉన్నా అంతే. పోర్టు దగ్గర ఎరుపు, వాపు గాని, నిన్నటి దాకా ఉన్న బిగింపు ఉన్నట్టుండి మాయమవడం గాని కనిపిస్తే వారం లోపల చూపించుకోండి. గొట్టం కారుతూ ఉండవచ్చు, లేదా బ్యాండ్ కడుపు గోడను ఒరుసుకుని లోపలికి దిగుతూ ఉండవచ్చు. ఎక్స్‌రే, బేరియం పరీక్ష, ఎండోస్కోపీ అసలు సంగతి తేలుస్తాయి. రాత్రిపూట దగ్గు, పుల్లటి నీళ్ళు కొత్తగా మొదలైనా ఇదే వరస. గర్భం దాల్చినట్టు తెలిస్తే వెంటనే బ్యాండ్ డాక్టరుకు చెప్పండి, అవసరాన్ని బట్టి వదులు చేస్తారు.

ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. రోజుల తరబడి వాంతులై నీరసించినప్పుడు మన దగ్గర అలవాటుగా వీధి చివర క్లినిక్కుకు వెళ్ళి గ్లూకోజ్ ఎక్కించుకుంటారు. ఎక్కువ రోజులు వాంతులైనవాళ్ళ ఒంట్లో బి1, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. "నాకు గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఉంది, ముందు థయమిన్ ఇవ్వండి" అన్న వాక్యం ఇంట్లోవాళ్ళకు కూడా నేర్పి ఉంచండి.

అన్నీ సరిచూసుకున్నాక కూడా

బిగింపు సరిగ్గా ఉంది, తిండి మారింది, పరీక్షలు బాగున్నాయి, అయినా ఏడాదిన్నర, రెండేళ్ళు గడిచినా బరువు పెద్దగా తగ్గలేదు. అప్పుడు సర్జన్‌తో కూర్చుని తరువాతి దారి మాట్లాడాలి. కొందరికి బ్యాండ్ సరిపడదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లు 2025 నుంచి బరువు తగ్గడానికి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, వికారం, వాంతులు రావచ్చు. బిగుతైన బ్యాండ్ మీద అది కలిస్తే ఇబ్బంది కాబట్టి, వాటిని రాసే డాక్టరుకూ బ్యాండ్ చూసే డాక్టరుకూ రెండు సంగతులూ తెలిసి ఉండాలి. మందుల దుకాణంలో సొంతంగా కొని మొదలుపెట్టవద్దు.

బ్యాండ్ తీసేసి స్లీవ్‌కో బైపాస్‌కో మారడం ఇంకో దారి. తీసేసి ఊరుకుంటే బరువు తిరిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. మారాలనుకుంటే సర్జన్‌ను మూడు ప్రశ్నలు అడగండి. బ్యాండ్ తీయడం, కొత్త ఆపరేషన్ ఒకేసారి చేస్తారా, మధ్యలో కొన్ని నెలలు ఆగుతారా? ఆగితే ఆ నెలల్లో బరువు పెరగకుండా ఏం చేయాలి? ఇలాంటి మార్పిడి ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు? మొదటిసారి చేసే స్లీవ్ కంటే బ్యాండ్ తీసి చేసే స్లీవ్ కష్టమైన పని, బ్యాండ్ చుట్టూ మచ్చకట్టి గట్టిపడిన కణజాలం ఉంటుంది. అందుకే మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మరో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోండి, మీ బ్యాండ్ కాగితాలు అక్కడికి కూడా పట్టుకెళ్ళండి.